బడి మనది, కొలబద్ద ఎవరిది?

1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. దొరల కచేరీలకు గుమాస్తాలను తయారుచేసే చదువు వద్దు, ఈ దేశానికి పనికొచ్చే చదువు కావాలన్నది వాళ్ల పట్టుదల. పుస్తకంతో పాటు చేతిపనులు, చిత్రకళ నేర్పించారు. పిల్లలు ఏం చదవాలో ఎవరు తేల్చాలన్న తగవు తెలుగునేల మీద అంత పాతది. నూరేళ్లు దాటాక అదే తగవు వేరే పేర్లతో మళ్లీ ముందుకొచ్చింది. ఇప్పుడు హుకుం జారీచేసే సామ్రాజ్యం లేదు. రుణ ఒప్పందం ఉంది, ర్యాంకుల పట్టిక ఉంది, అక్రెడిటేషన్ ఉంది, వీసా ఉంది. అన్నిటినీ మించి, తన బిడ్డ ఇంగ్లీషులో మాట్లాడాలని రెక్కలు ముక్కలు చేసుకునే తల్లి ఉంది.

ప్రపంచీకరణ మన చదువును చెడగొట్టిందని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లున్నారు. అదే లేకపోతే పల్లెటూరి కుర్రాడు కాలిఫోర్నియా ఎలా చేరేవాడని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది గానీ, ఇద్దరూ అసలు సంగతి దాటేస్తున్నారు. బయటి ఆలోచన దేశంలోకి ఏ దారిన వస్తోంది, వచ్చాక తరగతి గదిలో ఏమవుతోంది, లెక్క తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడుతోంది అన్నవి చూడకుండా ఈ విషయంలో తీర్పు చెప్పలేం.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. జాతీయ విద్యావ్యవస్థ అన్న ఏర్పాటు కూడా దేశం దాటి వచ్చిందే. రాజ్యమే బడులు పెట్టి, పిల్లలందరినీ రప్పించి, ఒకే పాఠం చెప్పించే పద్ధతికి ప్రష్యా పేరుపడింది. ఫ్రాన్సు దాన్ని తనదిగా మలచుకుంది, జపాన్ 1872లో యూరప్ నమూనాల మీదే తన విద్యాచట్టం రాసుకుంది. కాబట్టి ఒక ఆలోచన పరదేశం నుంచి రావడమే నేరమని నేను అనను. జపాన్ తెచ్చుకున్నదాన్ని జపాన్ భాషలో, జపాన్ ఉపాధ్యాయుల చేత నిలబెట్టుకుంది. మనం చూడాల్సింది ఆ రెండో సగాన్ని.

ఈ రంగంలో పండితుల వాదాలు చాలానే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మేయర్, ఆయన సహచరులు ప్రపంచమంతటా బడి ఒకే పోలికలోకి వస్తోందని, ఆధునిక దేశం అనిపించుకోవాలంటే అందరూ ఒకే నమూనాను కోరుకుంటున్నారని అన్నారు. రోజర్ డేల్ దాన్ని ఒప్పుకోలేదు. పెట్టుబడి అవసరాలే దేశాల విద్యా ఎజెండాను రాస్తున్నాయన్నది ఆయన వాదం. మార్టిన్ కార్నోయ్ 1999లో యునెస్కో సంస్థకు రాసిన పుస్తకంలో, పోటీ కోసం చేసే సంస్కరణలు, ఖర్చు తగ్గించుకోవడానికి చేసేవి, సమానత కోసం చేసేవి వేరువేరని విడదీసి చూపించారు. ప్రపంచీకరణ ఒత్తిడిలో మొదటి రెండూ మూడోదాన్ని వెనక్కి నెడతాయని హెచ్చరించారు. గీతా స్టైనర్-ఖామ్సీది ఇంకో కోణం. ప్రభుత్వాలు విదేశీ నమూనాను తెచ్చేది ఎక్కువగా ఇంట్లో జరిగే రాజకీయ వాదం నెగ్గడానికేనని ఆమె అంటారు. గత ముప్పై ఏళ్ల తెలుగు రాష్ట్రాల అనుభవానికి నా దృష్టిలో కార్నోయ్, స్టైనర్-ఖామ్సీల మాటలే దగ్గరగా ఉన్నాయి.

డబ్బు దారి నుంచి మొదలుపెడదాం. 1990 మార్చిలో థాయిలాండ్‌లోని జోమ్‌టియెన్‌లో ప్రపంచ దేశాలు 'అందరికీ విద్య' అని ప్రతిజ్ఞ చేశాయి. మరుసటి ఏడాదే మన దేశం విదేశీ మారకం కొరతతో ఆర్థిక సంస్కరణల బాట పట్టింది. ప్రతిజ్ఞ ఒకవైపు, పొదుపు ఒకవైపు. ఈ రెంటి నడుమ 1994లో ప్రపంచ బ్యాంకు తదితరుల సాయంతో జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మన ఉపాధ్యాయుల నోట అది డీపీఈపీ. అంతకుముందే బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. కృత్యాధార బోధన అన్న మాట మన బడుల్లో స్థిరపడింది ఆ రోజుల్లోనే. ఆ కాలంలో పనిచేసిన టీచర్లు ఇప్పటికీ గింజలు, పుల్లలు, కార్డులతో లెక్కలు చెప్పడం అక్కడే నేర్చుకున్నామని చెబుతారు. గదులు కట్టారు, మండల వనరుల కేంద్రాలు వచ్చాయి, బడి బయట ఉన్న ఆడపిల్లలు లోపలికొచ్చారు. దీన్ని కాదనడం అన్యాయం.

అదే కాలంలో ఇంకొకటి జరిగింది. డీఎస్సీ నియామక పరీక్ష ద్వారా పూర్తి జీతం మీద ఉపాధ్యాయుణ్ని నియమించే బదులు, కొద్దిపాటి గౌరవ వేతనం మీద విద్యా వాలంటీరును పెట్టడం అలవాటైంది. ఇదే పద్ధతి వేరే పేర్లతో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో, సముద్రాలు దాటి ఆఫ్రికా దేశాల్లో కనిపించింది. బడికి పిల్లలు వచ్చారు, వాళ్లకు చదువు చెప్పే ఉద్యోగం మాత్రం చవకైపోయింది. దేశం మొత్తం ప్రాథమిక విద్య మీద పెట్టే ఖర్చులో విదేశీ సాయం ఎప్పుడూ చిన్న వాటాయే. 1966లో కొఠారి కమిషన్ అడిగిన జాతీయాదాయంలో ఆరు శాతాన్ని ఏ ప్రభుత్వమూ విద్యకు ఇవ్వలేదు. కమిషన్ అడిగిన ఉమ్మడి పాఠశాల ఊసూ లేకుండా పోయింది. ఆ ఖాళీలోకి చిన్న సాయం పెద్ద షరతులతో వచ్చింది. తప్పు ఇచ్చినవాడి మీదే మొత్తం తోసెయ్యలేం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకో రకంగానూ ప్రపంచం కంట పడింది. విద్యా సిద్ధాంతాలను పరీక్షించే ప్రయోగశాల అయింది. బ్రిటిష్ విద్యావేత్త జేమ్స్ టూలీ 2000లో హైదరాబాద్ పాతబస్తీ సందుల్లోని చిన్న ప్రైవేటు బడులను చూసి, పేదలు తమ డబ్బుతోనే మంచి చదువు కొనుక్కోగలరన్న వాదం నిలబెట్టారు. 2009లో వచ్చిన ఆయన పుస్తకం చాలా దేశాల్లో ప్రైవేటీకరణ వాదులకు ఆధారమైంది. ఆ తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అదే విషయాన్ని జాగ్రత్తగా కొలిచారు. 2008 నుంచి నాలుగేళ్లపాటు 180 గ్రామాల్లో లాటరీ తీసి, కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చదివే వోచర్లు ఇచ్చారు. చివరికి తేలిందేమిటి? తెలుగులో, లెక్కల్లో వోచర్ పొందిన పిల్లలు మిగతావారికంటే ముందుకు పోలేదు. సర్కారు బడుల్లో పెద్దగా చెప్పని హిందీలో మాత్రం బాగుపడ్డారు. ప్రైవేటు బడుల ఖర్చు సర్కారు బడిలో మూడో వంతు కూడా లేదు, ముఖ్యంగా టీచరు జీతం తక్కువ కావడం వల్ల. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి ఒక్కసారిగా మారడం పిల్లల చదువుకు అడ్డుపడి ఉండవచ్చని పరిశోధకులే సూచించారు.

ఈ ఫలితం మీద అమెరికాలో సెమినార్లు జరిగాయి, ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర పత్రికలో 2015లో వ్యాసం వచ్చింది. నాలుగేళ్ల తర్వాత మన రాష్ట్రంలోనే మాధ్యమం మార్చే జీవో వెలువడినప్పుడు, మన పిల్లల మీద మన ఊళ్లలో చేసిన ఈ పరీక్ష ఆ చర్చలో ఎంతమందికి గుర్తుంది? మన గురించిన జ్ఞానం ఇక్కడ పుట్టి, అక్కడ అచ్చై, ఇక్కడికి తిరిగి రావడం లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఇక కొలబద్దల సంగతి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2000లో మొదలుపెట్టిన పీసా పరీక్ష పదిహేనేళ్ల పిల్లల పఠనం, లెక్కలు, సైన్సు సామర్థ్యాన్ని దేశాలవారీగా తూకం వేస్తుంది. 2001 డిసెంబరులో తొలి ఫలితాలు వచ్చినప్పుడు జర్మనీ సగటుకు దిగువన ఉండటంతో ఆ దేశం ఉలిక్కిపడింది. పేదింటి, వలస కుటుంబాల పిల్లలు ఎంత వెనకబడ్డారో బయటపడింది. అక్కడి రాష్ట్రాలన్నీ కలిసి ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నాయి, పూర్తిరోజు బడుల కోసం కేంద్రం నాలుగు వందల కోట్ల యూరోలు ఇచ్చింది. మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ 2009 విడత పరీక్షకు కూర్చున్నాయి. డెబ్భై నాలుగింటిలో చిట్టచివరి వరుసలో నిలిచాయి. ప్రశ్నలు మన పిల్లల జీవితానికి సంబంధం లేనివని మన ప్రభుత్వం తప్పుపట్టి, తర్వాతి విడతల నుంచి తప్పుకుంది.

ప్రశ్నల మీద అభ్యంతరంలో పస ఉంది. 2014లో పలు దేశాల విద్యావేత్తలు కూడా పీసా బడిని కొలవగలిగిన వాటికే కుదించేస్తోందని బహిరంగ లేఖ రాశారు. అయితే అద్దం బాగాలేదని అద్దాన్ని పక్కన పెట్టినంత మాత్రాన ముఖం మారదు. 2005 నుంచి మన 'ప్రథమ్' సంస్థ ఊరూరా తిరిగి, ఇళ్ల దగ్గర పిల్లల చేత మన భాషల్లోనే చదివించి చూస్తోంది. 2024 నివేదికలో కూడా మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశంలోని పల్లెల్లో సుమారు నాలుగో వంతే. దీనికి పరాయి సంస్కృతిని సాకుగా చూపలేం.

కొలవడం అవసరమే, కానీ కొలత పనిని మింగేసే చోటు ఒకటుంది. ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా అక్రెడిటేషన్ బృందం వచ్చే నెలలో స్టాఫ్ రూములోకి వెళ్లి చూడండి. ఇండియా 2014లో వాషింగ్టన్ ఒడంబడికలో పూర్తి సభ్యత్వం పొందింది. మన ఇంజినీరింగ్ డిగ్రీని అమెరికా, బ్రిటన్ వంటి దేశాలు సమానంగా గుర్తించడానికి అది ఉపయోగం, కోరదగ్గదే. దాని కోసం ప్రతి సబ్జెక్టుకు కోర్సు ఫలితాలు రాసి, వాటిని ప్రోగ్రాం ఫలితాలకు ముడిపెట్టి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయాలి. లెక్చరర్లు దాన్ని 'సీఓ-పీఓ మ్యాపింగ్' అంటారు. ప్రశ్నపత్రంలో ప్రతి ప్రశ్న పక్కన అది ఏ ఆలోచనా స్థాయిదో చెప్పే బ్లూమ్ స్థాయి వేయాలి. బృందం తలుపు దగ్గరికి వచ్చేసరికి పాత బ్యాచ్‌లకు కూడా ఫైళ్లు తయారవుతాయి. ఆ నెలంతా ల్యాబులో ఆసిలోస్కోపు పనిచేస్తోందా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మంచి లెక్చరరుకు ఈ పద్ధతి తన పాఠాన్ని సరిచూసుకునే సాధనం కాగలదు. అరకొర జీతానికి అయిదు సెక్షన్లు చెప్పే లెక్చరరుకు అది రాత్రి పన్నెండింటి దాకా ఎక్సెల్ షీటు.

ఇంగ్లీషు మాధ్యమం ఈ మొత్తం విషయంలో అతి లోతైన చోటు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో 81వ నంబరు జీవోతో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా సర్కారు బడులన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమం పెడతామంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోందని గుర్తుచేసింది. ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం అడిగించి, తొంభై ఆరు శాతం మంది ఇంగ్లీషే కోరారని ప్రకటించింది. తెలంగాణ కూడా 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టింది.

భాషాభిమానులు ఈ తొంభై ఆరు శాతాన్ని తేలిగ్గా కొట్టిపారేశారు. అది పొరపాటు. బహుజన మేధావి కంచ ఐలయ్య ఏళ్ల తరబడి అడుగుతున్నది న్యాయమైన ప్రశ్నే: మీ పిల్లల్ని కాన్వెంటులో వేసి, దళిత, బహుజన పిల్లలకు మాత్రం తెలుగు గొప్పదనం బోధిస్తారా? తెలుగు మాధ్యమాన్ని కాపాడాలన్న పెద్దల్లో చాలామంది మనవలు, మనవరాళ్లు ఎక్కడ చదువుతున్నారో అందరికీ తెలుసు. తన బిడ్డకు ఇంగ్లీషు రావాలనే తల్లి కోరికను ప్రపంచ బ్యాంకు పుట్టించలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకున్న పక్కింటి అబ్బాయిని చూసి పుట్టింది అది.

ఆమె కోరిక నిజమైనది. ఆ కోరికకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు మాత్రం సగమే. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నాయి. తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఆలోచన మంచిదే. బోధన జరిగే తీరు చూడండి: టీచరు ఇంగ్లీషు వాక్యం చదువుతారు, పిల్లలు వంత పాడతారు, తర్వాత ఆమె దాని భావం తెలుగులో చెబుతారు, పరీక్షకు జవాబు ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తారు, పిల్లలు ఎక్కించుకుంటారు. మొక్క ఆకుల్లో ఆహారం ఎలా తయారవుతుందో తెలుగులో విన్న పిల్లవాడికి, తనకు అర్థమైనదాన్ని తన మాటల్లో రాసే అవకాశమే రాదు. ఆ టీచరుకు ఇంగ్లీషులో చెప్పడం నేర్పిందెవరు? కొన్నాళ్ల శిక్షణ, కొన్ని వీడియోలు. ఆమె శ్రమలో లోపం లేదు, ఆమెకు ఇచ్చిన సాధనాల్లో ఉంది.

మలేసియా ఇదే దారిలో మనకంటే ముందు నడిచింది. 2003లో మహతీర్ ప్రభుత్వం లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చెప్పించడం మొదలుపెట్టింది. గ్రామీణ మలయ్ పిల్లలు వెనకబడుతున్నారని తేలాక 2009లో ఆ దేశం వెనక్కి వెళ్లాలని నిర్ణయించింది. ఇంగ్లీషును భాషగా గట్టిగా నేర్పడానికి ఎక్కువ టీచర్లను, ఎక్కువ పీరియడ్లను ఇవ్వాలనుకుంది. ఆ మార్పు మీద అక్కడి పట్టణ తల్లిదండ్రులు నిరసన తెలిపారు, తగవు ఇంకా పూర్తిగా తీరలేదు. అయినా ఒక దేశం అమలుచేసి, ఫలితం చూసి, నిర్ణయం మార్చుకోగలిగింది. ఇంగ్లీషు రావాలంటే ఇంగ్లీషు బాగా నేర్పాలి. అన్ని పాఠాలూ ఇంగ్లీషులో పెట్టడం అందుకు దగ్గరిదారి కాదు.

ఇక ఒప్పందాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలు సుమారు నాలుగున్నర లక్షల మందికి ఆన్‌లైన్ చదువుల సంస్థ బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచారు. ప్రపంచ పెట్టుబడులతో ఉబ్బిన ఆ సంస్థ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. వెయ్యి సర్కారు బడులను సీబీఎస్ఈలోకి మార్చారు. 2023లో మూడో తరగతి నుంచి టోఫెల్ ఇంగ్లీషు పరీక్షకు సన్నాహం అన్నారు. 2024 జనవరిలో జెనీవా కేంద్రంగా ఉన్న ఇంటర్నేషనల్ బాకలారియేట్‌తో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది. పిల్లలు సిద్ధంగా లేరంటూ పదో తరగతి పరీక్షల ఏడాదిలోనే వెయ్యి బడులను తిరిగి రాష్ట్ర బోర్డులోకి తెచ్చారు. టోఫెల్, బాకలారియేట్ పక్కకు పోయాయి. ఎత్తుకున్న పథకాల్లో ఏది మంచిదో, దించినవాటిలో ఏది పొరపాటో చెప్పగలిగే మదింపు ఏదీ జనం ముందుకు రాలేదు. రెండేళ్లలో మూడు నమూనాలు చూసిన ఆ పిల్లవాడు మాత్రం ఒక్కసారే పదో తరగతి చదువుతాడు. స్టైనర్-ఖామ్సీ చెప్పిన మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఉన్నత విద్యలో కథ ఇంకా ముందే మొదలైంది. 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించిన ఉన్నికృష్ణన్ కేసు, ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల ప్రైవేటు కాలేజీల ఫీజుల తగవులోంచి పుట్టింది. ఆ తీర్పు బడి హక్కును నిలబెట్టింది. కాలేజీ మార్కెట్టుకు వేసిన కళ్లెం మాత్రం 2002లో టీఎంఏ పాయ్ తీర్పుతో సడలింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు తోడై, ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి. అమెరికా సాఫ్ట్‌వేర్ గిరాకీకి మన రాష్ట్ర ఖజానా, మన తల్లిదండ్రుల భూములు ఖర్చు పెట్టి మనుషుల్ని తయారుచేశాం. ఎన్నో కుటుంబాలు బాగుపడ్డాయి, అది చిన్న విషయం కాదు. 2023–24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటారు. వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతమందో అమీర్‌పేట, విజయవాడ కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే అర్థమవుతుంది.

ఆ దారి చివర ఏముందో కూడా మన పిల్లలే చూశారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం వీసాల మోసం కింద మూతపడినప్పుడు, రోడ్డున పడినవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లే. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్నడానికి పెట్టిన బూటకపు సంస్థ అని తేలింది. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, తెలుగువాళ్లు అందులో చాలామంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం ప్రకటించారు. వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో కరీంనగర్‌లో, గుంటూరులో ఒక బీటెక్ డిగ్రీ విలువ మారిపోయింది. మన విద్యావ్యవస్థ తన గమ్యాన్ని పరాయి దేశపు వలస చట్టానికి తాకట్టు పెట్టింది అనడానికి నేను వెనకాడను.

నిబంధనలు సడలించాక విదేశీ విశ్వవిద్యాలయాలు ఇక్కడికే వస్తున్నాయి. ఆస్ట్రేలియాకు చెందిన డీకిన్ గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో క్యాంపస్ తెరిచింది, బ్రిటన్‌కు చెందిన సౌతాంప్టన్ గురుగ్రామ్‌కు వచ్చింది. ఆ ఫీజులు కట్టగలిగే వాళ్లు కొద్దిమందే కనుక దీని మీద పెద్దగా ఆశ గానీ, భయం గానీ పెట్టుకోనక్కర్లేదు.

ప్రపంచీకరణ ముందు దేశాలు చేతులు కట్టుకు నిలబడాల్సిందే అన్న మాట కూడా నిజం కాదు. చైనా 2021 జులైలో లాభం కోసం నడిచే ట్యూషన్ కంపెనీలను బడి పాఠాల నుంచి తప్పించింది. న్యూయార్క్ మార్కెట్లో ఆ కంపెనీల షేర్లు కుప్పకూలినా లెక్కచేయలేదు. వోచర్ల నమూనాకు పుట్టినిల్లుగా పేరుపడ్డ చిలీలో విద్యార్థులు 2006లో, 2011లో వీధుల్లోకి వచ్చారు. 2015లో ఆ దేశం ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు లాభం చేసుకోకూడదని చట్టం చేసింది. చైనాలో హుకుం, చిలీలో ఉద్యమం. మన దారి చిలీ దారే అయి ఉండాలి, ఎందుకంటే మనకు ఓటు ఉంది.

అందుకే నా తీర్పు ఇది. బయటి నుంచి వచ్చిన పాఠం, పరీక్ష, పద్ధతి ఏదైనా స్వీకరించవచ్చు, ఒక షరతు మీద: అది సర్కారు బడి టీచరు చేతికి, ఆమెకు తెలిసిన భాషలో, తగినంత సమయంతో చేరాలి. ఆ మెట్టు ఎక్కకుండా సచివాలయంలో సంతకం పెట్టిన ప్రతి ఒప్పందమూ పేద పిల్లవాడి మీద చేసిన ప్రయోగమే. ఇకనుంచి ఏ ప్రభుత్వమైనా విదేశీ సంస్థతో గానీ, టెక్నాలజీ కంపెనీతో గానీ బడుల విషయంలో ఒప్పందం చేసుకునే ముందు దాని పూర్తి పాఠాన్ని తెలుగులో శాసనసభ ముందు పెట్టాలి. కొన్ని మండలాల్లో కనీసం ఒక విద్యాసంవత్సరం నడిపి, ఫలితాన్ని బయటపెట్టాలి. ఈ మాట ఉపాధ్యాయ సంఘాలు అడగాలి, పాఠశాల యాజమాన్య కమిటీలో ఉన్న తల్లిదండ్రులు అడగాలి. వచ్చే ఎన్నికల్లో మీ ఇంటికి ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని మీరూ అడగండి.